ముల్లు సున్నా మీద ఉందో లేదో చూశారా?

పాఠకుల సైన్సు ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బలాన్ని కొలవడం గురించే. విజయవాడ, గుంటూరు బళ్ళలో ఘర్షణ, ప్లవనం (నీళ్ళు వస్తువును పైకి నెట్టడం) పాఠాలు నడుస్తున్న రోజులు కాబట్టి కాబోలు. పిల్లలు రాశారు, ఒక తల్లి రాశారు, టీచర్లు రాశారు. అన్నిటికీ ఒకే సంచికలో జవాబివ్వడం మేలనిపించింది. నేను ఫిజికల్ సైన్స్ టీచరుగా పనిచేసి రిటైరై సత్యనారాయణపురంలో ఉంటున్నాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ల్యాబ్ బీరువా తాళంచెవి నా దగ్గరే ఉండేది. ఆ బీరువాలో పిల్లల చేతికి ఎక్కువగా వెళ్ళేది, పెద్దవాళ్ళు తక్కువగా పట్టించుకునేది స్ప్రింగు త్రాసు. దాని కొక్కేన్ని లాగితే లోపలి స్ప్రింగు సాగి, ముల్లు ఆ బలాన్ని గీతల మీద న్యూటన్లలో చూపిస్తుంది. దాన్ని శ్రద్ధగా వాడితే ఎనిమిదో తరగతి పిల్ల కూడా నమ్మదగిన కొలత తీయగలదు. అది కళ్ళారా చూశాను కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

మేడం, చెక్క దిమ్మెను స్ప్రింగు త్రాసుతో బల్ల మీద లాగి ఘర్షణ బలం కొలవమన్నారు. ఒకసారి 0.6 న్యూటన్లు, ఒకసారి 0.9, ఇంకోసారి 0.7 వచ్చింది. మా గ్రూపులో తలా ఒక అంకె రాసుకున్నారు. ఏది కరెక్టు?
– ఎనిమిదో తరగతి విద్యార్థిని, పటమట

ముందు నీ 0.9 సంగతి చూద్దాం తల్లీ. దిమ్మె కదలకముందు నువ్వు లాగేకొద్దీ ముల్లు ముందుకు పోతూ ఉంటుంది. దిమ్మె కదలగానే చటుక్కున కాస్త వెనక్కి వస్తుంది. వెనక్కి రాబోయే ముందు కనిపించే ఆ పెద్ద అంకె స్థైతిక ఘర్షణకు గరిష్ఠ విలువ. దిమ్మె జారుతున్నంతసేపూ ఉండేది జారుడు ఘర్షణ, అది సాధారణంగా తక్కువగా ఉంటుంది. రెండూ నిజమైన బలాలే, కానీ వేరు వేరు బలాలు. 0.9ని ఒక గడిలో, 0.6, 0.7 లను ఇంకో గడిలో రాయాలి. మూడూ కలిపి సరాసరి తీస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు.

ఇక 0.6, 0.7 మధ్య తేడా. మీరు త్రాసును బల్ల మీద పడుకోబెట్టాక సున్నా చూశారా? చాలామంది చూడరు. స్ప్రింగు త్రాసుకు గీతలు పెట్టేది నిలువుగా వేలాడదీసి. అలా వేలాడుతున్నప్పుడు కొక్కెం బరువు, స్ప్రింగు సొంత బరువు కూడా కలిసి స్ప్రింగును కొద్దిగా సాగదీస్తాయి. ఆ సాగిన చోటే సున్నా గీత ఉంటుంది. పడుకోబెట్టగానే ఆ బరువులు లాగడం మానేస్తాయి, స్ప్రింగు కాస్త ముడుచుకుంటుంది, ముల్లు సున్నా కంటే వెనక్కి వెళ్తుంది. ఆ తర్వాత కొలిచే ప్రతి బలమూ ఉన్నదానికంటే తక్కువగానే కనిపిస్తుంది. కొన్ని త్రాసుల్లో ముల్లు వెనక్కి పోకుండా లోపల అడ్డు ఉంటుంది. అప్పుడు ముల్లు సున్నా దగ్గరే ఉన్నట్టు కనిపించి మోసం చేస్తుంది. అందుకే పడుకోబెట్టాక కొక్కేన్ని వేలితో మెల్లగా కదిపి చూడాలి. కాస్త లాగినా ముల్లు కదలకపోతే ఆ అడ్డుకు ఆనుకుని ఉందన్నమాట. త్రాసు పైన సున్నా సరిచేసే స్క్రూ తిప్పి సరిచేసుకున్నాకే కొలత మొదలుపెట్టాలి.

మీరు లాగేటప్పుడు చెయ్యి ఒకే వేగంతో కదలడం కష్టం. కాస్త వేగం పెరిగినప్పుడల్లా దిమ్మెను తోసుకుపోవడానికి అదనపు బలం కావాలి, అది కూడా ముల్లు మీదే పడుతుంది. పైగా కదులుతున్న ముల్లును చదవాలి. దీనికి ఒక చక్కని ఉపాయం ఉంది. త్రాసు రింగును బల్ల చివర మేకుకో కిటికీ ఊచకో కట్టెయ్యి. కొక్కేనికి దారంతో దిమ్మెను కట్టు. దిమ్మె కింద పొడుగాటి చెక్కపలక ఒకటి పెట్టి, దిమ్మెను వదిలేసి ఆ పలకను లాగు. దిమ్మె ఉన్నచోటే ఉంటుంది, ముల్లు దాదాపు నిలకడగా ఉంటుంది, నువ్వు వంగి తీరిగ్గా చదువుకోవచ్చు. పలకను కాస్త వేగంగా లాగినా, మెల్లగా లాగినా జారుడు ఘర్షణ పెద్దగా మారదు కాబట్టి నీ చేతి వణుకు కొలతలోకి రాదు. దారం మాత్రం బల్లకు సమాంతరంగా ఉండాలి. పైకి వాలితే లాగే బలంలో కొంత దిమ్మెను పైకెత్తడానికి పోతుంది, ఘర్షణ కూడా తగ్గిపోతుంది.

ఇంకొక్క మాట. మీది 10 న్యూటన్ల త్రాసు అయితే దాని మీద గీతకు గీతకు మధ్య తరచుగా 0.2 న్యూటన్లు ఉంటుంది. అలాంటి దానితో 0.6కీ 0.7కీ తేడా పట్టుకోవడం అంటే అర గీత చదవడం. కళ్ళు చికిలించుకుని అర గీత చదివే కంటే బలాన్నే పెద్దది చేసుకోవడం మంచి పద్ధతి. నీ దిమ్మె 200 గ్రాములు అనుకుంటే, దాని మీద 800 గ్రాముల తూకం రాళ్ళు పెట్టు. మొత్తం కిలో అయింది కాబట్టి ఘర్షణ కూడా అయిదు రెట్లు, అంటే మూడు, మూడున్నర న్యూటన్ల దాకా వస్తుంది. అర గీత తప్పు చదివినా అప్పుడు నష్టం చాలా తక్కువ.

మూడో చలన నియమం చూపించడానికి రెండు స్ప్రింగు త్రాసుల కొక్కేలు కలిపి లాగించాను. ఒకటి 4 న్యూటన్లు, రెండోది 4.6 చూపించింది. ‘సార్, అయితే న్యూటన్ చెప్పింది తప్పా?’ అని పిల్లలు అడిగారు. ఏం చెప్పాలి?
– ఫిజికల్ సైన్స్ ఉపాధ్యాయుడు, తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూలు

మాస్టారూ, మీ పిల్లలు మంచి ప్రశ్న అడిగారు. ఒకటి రెండోదాన్ని ఎంత బలంతో లాగితే రెండోదీ మొదటిదాన్ని అంతే బలంతో లాగుతుందని మూడో నియమం చెబుతుంది కాబట్టి రెండు అంకెలూ ఒకటే కావాలి. త్రాసు పాడైంది అని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు వెళ్ళకండి, ఒక పీరియడంతా దానికే ఇవ్వండి. పుస్తకంలోని నియమాన్ని నమ్మాలా, కంటికి కనిపించే అంకెను నమ్మాలా అని పిల్లలు నిజంగా తికమకపడే సందర్భాలు బళ్ళో అరుదుగా వస్తాయి.

త్రాసులను నిలువుగా పట్టుకున్నారా, అడ్డంగానా? నిలువుగా అయితే కొంత తేడా వచ్చి తీరుతుంది. పై త్రాసు కొక్కేనికి కింది త్రాసు రింగును తగిలిస్తే పైది కింది త్రాసు బరువును కూడా మోస్తుంది. కింది దాన్ని తలకిందులు చేసి కొక్కేనికి కొక్కెం తగిలిస్తే, తలకిందులైన త్రాసులో కొక్కెం బరువు స్ప్రింగును సాగదీసే బదులు ముడిచేవైపు పనిచేస్తుంది, అది కాస్త తక్కువ చూపిస్తుంది. కాబట్టి రెండిటినీ బల్ల మీద పడుకోబెట్టండి. ముందు పటమట అమ్మాయికి చెప్పినట్టు పడుకోబెట్టాకే రెండిటి సున్నాలూ సరిచేయండి. కొక్కేలు కలిపి, ఒక రింగును మేకుకు కట్టి, రెండో రింగు పట్టుకుని నిటారుగా లాగించండి. చదివే ముందు రెండు త్రాసుల మీదా వేలితో మెల్లగా తట్టండి. ముల్లు గాడికి రాసుకుని ఎక్కడైనా ఆగిపోయి ఉంటే ఆ తట్టుకి కదులుతుంది.

అప్పటికీ 4, 4.6 వస్తే, రెండు త్రాసుల చోట్లు మార్చండి. మేకు వైపున్నది చేతి వైపుకు, చేతి వైపున్నది మేకు వైపుకు. మళ్ళీ లాగించండి. ఎక్కువ చూపించిన త్రాసు చోటు మారినా ఎక్కువే చూపిస్తే దోషం ఆ త్రాసుది. అలా కాకుండా మేకు వైపున్నదే ఎప్పుడూ ఎక్కువ చూపిస్తుంటే లాగే తీరులో లోపం ఉంది. ఈ ఒక్క మార్పిడితో పిల్లలు తమంతట తామే న్యూటన్‌ను నిర్దోషిగా తేలుస్తారు. మీరు ఏమీ చెప్పనక్కర్లేదు.

తర్వాత ఆ త్రాసు ఎంత తప్పు చూపిస్తోందో తేల్చాలి. పచారీ కొట్టు వాళ్ళను అడిగితే తూనికల శాఖ ముద్ర ఉన్న 200, 500 గ్రాముల రాళ్ళు, కేజీ రాయి ఒక పూట ఇస్తారు. ఈసారి త్రాసును నిలువుగా వేలాడదీసి ఒక్కొక్క రాయే తగిలించి చదవండి. మన ప్రాంతంలో 200 గ్రాములు 1.96 న్యూటన్లతో లాగుతుంది, అరకేజీ 4.89తో, కేజీ 9.78తో. మీ త్రాసు ఏమీ తగిలించకుండా 0.4, ఈ మూడు బరువులకూ వరసగా 2.4, 5.3, 10.2 చూపించిందనుకోండి. ప్రతిచోటా దాదాపు ఒకే 0.4 ఎక్కువ. ఇది ఉత్త శూన్యాంశ దోషం, స్క్రూతో పోతుంది. అలా కాకుండా ఖాళీగా సున్నా, అరకేజీకి 5.2, కేజీకి 10.4 చూపిస్తే తేడా బరువుతోపాటు పెరుగుతోంది. ఎప్పుడో ఎవరో హద్దు మించి లాగినందువల్ల స్ప్రింగు బలహీనపడి ఉంటుంది. దాన్ని కూడా పారేయనక్కర్లేదు. చూపిన అంకెను 0.94తో గుణిస్తే అసలు బలం వస్తుంది. ఆ సంగతి ఒక అట్టముక్క మీద రాసి త్రాసు రింగుకు దారంతో కట్టండి. రాళ్ళు ఎక్కించేటప్పుడే కాకుండా దించేటప్పుడు కూడా చదవండి. ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఒకటి వస్తుంటే లోపల తుప్పో మురికో ఉంది, ముల్లు రాసుకుంటోంది.

రాళ్ళు దొరక్కపోతే నీళ్ళున్నాయి. కొలపాత్రతో 500 మిల్లీలీటర్లు కొలిచి ప్లాస్టిక్ సీసాలో పోసి తగిలించండి. 30 డిగ్రీల దగ్గర ఆ నీటి బరువు 498 గ్రాములు, అంటే తేడా అర శాతం కూడా లేదు. ఖాళీ సీసా బరువు కలుపుకోవడం మరచిపోకండి.

మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఆర్కిమెడిస్ సూత్రం మీద ప్రాజెక్టు చేయాలి. రాయి నీళ్ళలో ఎంత బరువు కోల్పోతుందో కొలవాలట. మా ఇంట్లో స్ప్రింగు త్రాసు లేదు, వంటింటి డిజిటల్ కాటా ఉంది. దాని మీద వస్తువు పెట్టాలే గానీ వేలాడదీయలేం కదా. కొనక తప్పదా?
– ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

కొననక్కర్లేదమ్మా. మీ దగ్గర ఉన్నదే ఈ పనికి బళ్ళో స్ప్రింగు త్రాసు కంటే మెరుగు, ఎందుకంటే అది ఒక్క గ్రాము తేడాను కూడా చూపిస్తుంది. పద్ధతి కొంచెం తిరగేయాలి.

గ్రానైటు కంకర రాయి ఒకటి తీసుకోండి, పిడికిలి కంటే చిన్నది. కడిగి ఆరబెట్టి కాటా మీద పెట్టి బరువు చూడండి. 298 గ్రాములు వచ్చిందనుకుందాం. రాయిని తీసేసి, వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బాలో ముప్పావు వంతు నీళ్ళు పోసి కాటా మీద పెట్టి, సున్నా మీట నొక్కండి. ఇప్పుడు రాయికి సన్నటి దారం కట్టి నీళ్ళలోకి మెల్లగా దించండి. రాయి మొత్తం మునగాలి, అడుగుకు గానీ గోడలకు గానీ తగలకూడదు. కాటా మీద అంకె పెరుగుతుంది. 110 గ్రాముల దగ్గర ఆగిందనుకోండి, రాయి కోల్పోయిన బరువు అదే.

రాయిని దారం పట్టుకుని ఉంది, కాటాకు తగలనే లేదు, మరి అంకె ఎందుకు పెరిగింది అని అబ్బాయి తప్పకుండా అడుగుతాడు. నీళ్ళు రాయిని పైకి నెడుతున్నాయి కాబట్టి రాయి కూడా అంతే బలంతో నీళ్ళను కిందికి నెడుతుంది. ఆ కిందికి నెట్టే బలం డబ్బా అడుగు మీదుగా కాటాకు చేరుతుంది. తెనాలి మాస్టారి పిల్లలు రెండు త్రాసులతో వెతుకుతున్న మూడో నియమమే ఇక్కడ గ్రాముల్లో కనిపిస్తోంది. 110 గ్రాముల బరువంటే 1.08 న్యూటన్లు. 298ని 110తో భాగిస్తే 2.71. గ్రానైటు సాంద్రత నీటి కంటే 2.6 నుంచి 2.8 రెట్లు ఉంటుంది కాబట్టి కొలత బాగా వచ్చినట్టే. చివరగా దారం వదిలేసి రాయిని అడుగున కూర్చోనివ్వండి. కాటా సరిగ్గా 298 చూపించాలి. చూపించకపోతే ఎక్కడో నీళ్ళు ఒలికాయి, లేదా కాటా సున్నా జరిగింది, మళ్ళీ మొదటి నుంచి చేయాలి. తన కొలతను తానే ఇలా సరిచూసుకునే ప్రయోగం నాకెంతో ఇష్టం.

కొన్ని జాగ్రత్తలు. దారాన్ని చేత్తో పట్టుకుంటే అంకె ఊగుతూనే ఉంటుంది. రెండు పక్కలా పుస్తకాల దొంతరలు పెట్టి, వాటి మీద అడ్డంగా ఒక స్కేలు పెట్టి దానికి దారం కట్టండి. సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి. ఫ్యాన్ గాలి డబ్బా మీద పడితే ఒకటి రెండు గ్రాములు అటూ ఇటూ ఆడుతుంది. రాయికి అంటుకున్న గాలి బుడగలు పైకి లాగుతాయి, రాయిని నీళ్ళలో ఒకసారి గిర్రున తిప్పితే పోతాయి. కాటా పెట్టే చోటు గట్టిగా, మట్టంగా ఉండాలి. మెత్తటి టేబుల్‌క్లాత్ మీద వద్దు, గ్రానైటు గట్టు బాగుంటుంది. చాలా కాటాలు కాసేపటికి వాటంతట అవే ఆగిపోతాయి కాబట్టి సున్నా నొక్కాక ఆలస్యం చేయకూడదు. నీళ్ళు చుక్కచుక్కగా పోసి బరువు చూసే ప్రయోగాలకు మాత్రం ఈ కాటాలు పనికిరావు. సున్నా దగ్గర చాలా నెమ్మదిగా వచ్చే చిన్న మార్పును అవి దోషం అనుకుని మింగేస్తాయి.

రాయి తర్వాత అదే అబ్బాయి చేత ఉప్పునీళ్ళలో కూడా చేయించండి. అంకె పెరుగుతుంది. ఎంత పెరిగిందో వాడే చెప్పాలి, మీరు చెప్పకండి.

అరకేజీ రాయి తగిలిస్తే 5 న్యూటన్లు రావాలి కదా మేడం, 4.9 వస్తోంది. త్రాసు చెడిపోయిందా?
– పదో తరగతి విద్యార్థి, మంగళగిరి

చెడిపోలేదు నాన్నా, నీ త్రాసు చాలా బాగుంది, జాగ్రత్తగా చూసుకో. లెక్కలు తేలిక కావడానికి గురుత్వ త్వరణాన్ని 10 అని తీసుకుంటే 5 వస్తుంది. అసలు విలువ భూమధ్యరేఖ దగ్గర 9.78, ధ్రువాల దగ్గర 9.83. మనం భూమధ్యరేఖకు ఉత్తరంగా పదహారున్నర డిగ్రీల దగ్గర ఉన్నాం కాబట్టి మనకూ 9.78. పుస్తకాల్లో కనిపించే 9.8 అనేది 1901లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ ప్రామాణికంగా నిర్ణయించిన 9.80665కి కుదించిన రూపం. నీ అరకేజీ రాయిని ఇక్కడ భూమి లాగే బలం 4.89 న్యూటన్లు. 4.9 అని చదివావంటే నీ కళ్ళు కూడా బాగున్నట్టే.

గుంటూరు మిర్చి యార్డులోని ఎలక్ట్రానిక్ కాటా కూడా లోపల కొలిచేది బలాన్నే. టిక్కీ (మిర్చి బస్తా) బరువుకు లోపలి లోహపు ముక్క కొద్దిగా వంగుతుంది, ఆ వంపును కరెంటు సంకేతంగా మార్చి కిలోల్లో చూపిస్తుంది. వాడే చోట ప్రామాణిక తూకం రాళ్ళతో సరిచేసి పెడతారు కాబట్టి 9.78 సంగతి అందులో కలిసిపోతుంది, రైతుకు తేడా రాదు.

మే నెల ఎండలకు స్ప్రింగు సాగిపోయి త్రాసు తప్పు చూపిస్తుందా?
– భవానీపురం, విజయవాడ

లేదు. ఉక్కు స్ప్రింగు వేడికి కొంచెం మెత్తబడే మాట నిజమే గానీ, ఇరవై డిగ్రీలు పెరిగినా తేడా ఒక శాతం లోపే. బడి త్రాసు మీద అది కనిపించదు. ఎండ కంటే మనకు వానాకాలపు చెమ్మ ప్రమాదం, తుప్పు పట్టిస్తుంది.

రబ్బరు బ్యాండుతో న్యూటన్ మీటరు (బలాన్ని న్యూటన్లలో కొలిచే సాధనం) తయారుచేశాం. బరువు తీసేశాక ముల్లు మొదటి చోటికి రావడం లేదు. గీతలు కూడా ఒకేలా పడలేదు. ఎందుకు?
– ఏడో తరగతి విద్యార్థులు, అరండల్‌పేట, గుంటూరు

రబ్బరు తీరే అంత పిల్లలూ. మీరు సరిగ్గానే చేశారు, అది నిజం చెప్పింది. సాగే పొడవు లాగే బలంతో సమానంగా పెరుగుతుందని రాబర్ట్ హుక్ 1678లో స్ప్రింగుల మీద రాశాడు. రబ్బరు ఆ పద్ధతికి లొంగదు, కొంత సాగాక బిగుసుకుంటుంది, వదిలాక కూడా పూర్తిగా వెనక్కి రావడానికి సమయం తీసుకుంటుంది. హార్డ్‌వేర్ షాపులో సన్నటి సాగే స్ప్రింగు కొని అదే అట్ట మీద బిగించండి. 50 గ్రాముల చొప్పున పెంచుతూ గీతలు గీయండి, దూరాలు సమానంగా వస్తాయి. ఎక్కడైనా దూరం ఒక్కసారిగా పెరిగితే అక్కడితో ఆపేయండి, అంతకు మించి లాగితే స్ప్రింగు మళ్ళీ మామూలు కాదు. మీ రబ్బరు మీటరు గీతల్ని మాత్రం చెరపకండి. రెండిటినీ పక్కపక్కన పెట్టి గ్రాఫు గీస్తే ఒకటి సరళరేఖ, ఒకటి వంకర. ప్రదర్శనలో పెట్టదగ్గ పని.

నీళ్ళలో రాయి బరువు నాకు 2.4 న్యూటన్లు వచ్చింది. మిగతావాళ్ళంతా 2.5 అని రాశారు. నన్నూ 2.5గా దిద్దమన్నారు, లేకపోతే ఫార్మేటివ్ మార్కులు పోతాయన్నారు. టెన్షన్‌గా ఉంది. దిద్దాలా?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, గుణదల

దిద్దకు బాబూ. ఎవరు చెప్పినా సరే, కంటికి కనిపించిన అంకెను చెరిపి ఇంకొకటి రాయకు. నీ రికార్డు మీద ఉన్న 2.4 నువ్వు చూసింది. దాన్ని కొట్టేస్తే ఆ పేజీలో నీది ఏమీ మిగలదు.

టెన్షన్ పడనక్కర్లేదని చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. మీ త్రాసు మీద గీతకు గీతకు మధ్య 0.2 న్యూటన్లు ఉంటే, ఎంత జాగ్రత్తగా చదివినా అర గీత, అంటే 0.1 అటూ ఇటూ ఉండనే ఉంటుంది. నీ 2.4కు అర్థం 2.3 నుంచి 2.5 లోపల ఎక్కడో అని. వాళ్ళ 2.5కు అర్థం 2.4 నుంచి 2.6 లోపల అని. రెండూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయి, అసలు తగాదాయే లేదు. రికార్డులో ‘2.4 న్యూటన్లు, 0.1 అటూ ఇటూ’ అని రాసి, పక్కనే త్రాసు కనీసపు కొలత 0.2 అని రాయి. మీ టీచరు గారికి ఇదే మాట మర్యాదగా చెప్పు. నీకు ఇబ్బందిగా ఉంటే ఈ పేజీ చూపించు.

ఇంగ్లండు శాస్త్రవేత్త హెన్రీ కావెండిష్ 1798లో సీసపు గోళాల మధ్య ఉండే అతి చిన్న ఆకర్షణ బలాన్ని కొలిచి, దాని నుంచి భూమి సాంద్రత లెక్కగట్టాడు. గాలి కదలిక కూడా కొలతను పాడుచేస్తుందని పరికరాన్ని గదిలో మూసిపెట్టి, బయట నుంచి టెలిస్కోపుతో చదివేవాడు. వచ్చిన ఫలితాలన్నిటినీ, ఒకదానితో ఒకటి సరిపోని వాటితో సహా, తన వ్యాసంలో అచ్చువేశాడు. భూమి సాంద్రత నీటికి 5.48 రెట్లు అని తేల్చాడు. తర్వాతి కాలంలో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ బెయిలీ ఆ అంకెలు మళ్ళీ కూడి చూసి, సరాసరి వేయడంలో చిన్న పొరపాటు ఉందనీ అది 5.448 కావాలనీ పట్టుకున్నాడు. ఇవాళ మనం చెప్పుకునే విలువ 5.51. కావెండిష్ అన్ని అంకెలూ ఉన్నవి ఉన్నట్టు రాశాడు కాబట్టే బెయిలీ సరిచేయగలిగాడు. అందరూ ఒకే అంకె వచ్చేలా దిద్దుకున్న రికార్డులో తప్పు ఎక్కడుందో ఎవరూ పట్టుకోలేరు.

టీచర్లకు కూడా ఒక మనవి. మార్కులు అంకెకు వేయకండి. సున్నా చూశాడా, కన్ను ముల్లుకు ఎదురుగా పెట్టి చదివాడా, మళ్ళీ మళ్ళీ కొలిచాడా, చూసిందే రాశాడా – వీటికి వేయండి. తరగతిలో నలభై మందికీ ఒకే విలువ వస్తే నాకు సంతోషం కలగదు, అనుమానం కలుగుతుంది.

మా బడికి ల్యాబ్ సామాన్ల కోసం కొంత గ్రాంటు వచ్చింది. స్ప్రింగు త్రాసులు కొనేటప్పుడు ఏం చూడాలి? పెద్దది ఒకటి చాలా?
– ప్రధానోపాధ్యాయురాలు, గుంటూరు జిల్లా

పెద్దది ఒక్కటి కొనకండి మేడం. 50 న్యూటన్ల త్రాసు మీద ఒక న్యూటన్ బలాన్ని ఎవరూ నమ్మకంగా చదవలేరు. 2.5, 5, 10 న్యూటన్లవి గ్రూపుకు ఒక సెట్టు చొప్పున తీసుకోండి. కొలవబోయే బలం త్రాసు నడిమి భాగం నుంచి పై వరకు ఎక్కడైనా పడేలా త్రాసును ఎంచుకోవడం పిల్లలకు అలవాటవుతుంది. లోపల స్ప్రింగు, ముల్లు రెండూ కనిపించే పారదర్శక గొట్టం రకం మంచిది. గీతలు న్యూటన్లలో ఉండాలి, పక్కన గ్రాములు ఉన్నా ఫర్వాలేదు. పైన సున్నా సరిచేసే స్క్రూ లేనిది ఎంత చవకగా ఇచ్చినా వద్దనండి.

షాపుకు వెళ్ళేటప్పుడు ముద్ర ఉన్న అరకేజీ రాయి, దానికి కట్టడానికి దారం తీసుకెళ్ళండి. 10 న్యూటన్ల త్రాసులు ఒక్కొక్కటీ తగిలించి 4.9 చూపిస్తుందో లేదో అక్కడే చూసుకోండి. చిన్నవాటికి 100 గ్రాముల రాయి చాలు, 0.98 రావాలి. షాపువాళ్ళు విసుక్కున్నా పట్టించుకోకండి. బడికి తెచ్చాక ప్రతి దాని మీదా నంబరు వేసి, జూన్‌లో బడి తెరవగానే ఒకసారి, సంక్రాంతి సెలవుల తర్వాత ఒకసారి అదే రాయితో సరిచూసి ఒక నోట్‌బుక్‌లో రాయించండి. ఆ పని పిల్లలకే అప్పగించండి, పెద్దవాళ్ళకంటే శ్రద్ధగా చేస్తారు. బరువు తగిలించిన త్రాసును అలాగే వేలాడదీసి ఇంటికి వెళ్ళిపోకూడదని కూడా చెప్పండి, స్ప్రింగు పాడవుతుంది.